వోల్టేజ్ పెంచినా గేమ్ క్రాష్ అవుతోందా? ముందు ఇవి చూడండి

గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాక్, అంటే తయారీలో పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం, కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. కోర్ క్లాక్ (చిప్ నడిచే వేగం) పెంచుతారు, గేమ్ క్రాష్ అవుతుంది, వోల్టేజ్ స్లైడర్ చివరిదాకా లాగేస్తారు. అయినా క్రాష్ ఆగదు, ఫ్యాన్ మోత మాత్రం పెరుగుతుంది. నేనూ మొదట్లో అలాగే చేశాను. కార్డు వేగం ఏ హద్దు దగ్గర ఆగిపోతోందో చూడకుండా వోల్టేజ్ ముట్టుకుంటే లాభం ఉండదని నాకు అర్థం కావడానికి చాలా రోజులే పట్టింది.

నేను వాడేది ఎన్విడియా జీటీఎక్స్ 1060, 6 జీబీ కార్డు. కింద ఇచ్చిన అంకెలు ఆ 10 సిరీస్‌వి. తర్వాతి సిరీస్‌లలో అంకెలు మారతాయి, పద్ధతి మారదు. కావాల్సిన సాఫ్ట్‌వేర్‌లు రెండే: మార్చడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, చూడటానికి జీపీయూ-జెడ్.

వోల్టేజ్ స్లైడర్ కదలడం లేదు

ఆఫ్టర్‌బర్నర్‌లో అది మొదట లాక్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో జనరల్ ట్యాబ్‌కి వెళ్లి, వోల్టేజ్ కంట్రోల్ అన్‌లాక్‌కి, మానిటరింగ్ అన్‌లాక్‌కి టిక్ పెట్టి, ప్రోగ్రామ్ మళ్లీ తెరవండి. ల్యాప్‌టాప్ అయితే ఇంత చేసినా కదలకపోవచ్చు. చాలా ల్యాప్‌టాప్ కార్డుల్లో దాన్ని తయారీలోనే మూసేస్తారు, దానితో కుస్తీ పట్టకండి.

స్లైడర్ 100కి పెట్టాను, క్లాక్ మాత్రం పెరగలేదు

అందరూ తికమకపడేది ఇక్కడే. ఆ 100 అనేది శాతం. పెట్టగానే వోల్టేజ్ పెరిగిపోదు, కార్డు వెళ్లగల పైహద్దు మాత్రం కాస్త జరుగుతుంది. 1060లో మామూలుగా 1.062 వోల్టుల దగ్గర ఆగేది, అప్పుడు 1.093 దాకా వెళ్లొచ్చు. అంతకు మించి ఈ స్లైడర్‌తో వెళ్లలేం.

ఇప్పుడు గేమ్ నడుపుతూ జీపీయూ-జెడ్ సెన్సర్స్ ట్యాబ్‌లో పెర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస చూడండి. కార్డు క్లాక్ ఇంకా పెరగకుండా ఎందుకు ఆగిందో అదే చెబుతుంది. వీరెల్ అని కనిపిస్తే వోల్టేజ్ హద్దు తగిలినట్టు, అప్పుడు స్లైడర్ కొంత పనికొస్తుంది. థర్మ్ అంటే వేడి. పీడబ్ల్యూఆర్ అని కనిపిస్తే పవర్ లిమిట్ (కార్డు వాడుకోగల పవర్ హద్దు) తగిలింది, అప్పుడు వోల్టేజ్ పెంచడం ఎదురు నష్టం.

ఎందుకంటే, చిప్ తినే పవర్ క్లాక్‌తో నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.062 నుంచి 1.093కి వెళ్తే వోల్టేజ్ పెరిగేది 3 శాతమే, పవర్ పెరిగేది సుమారు 6 శాతం. దానికి మనకొచ్చేది మహా అయితే క్లాక్‌లో ఒకటి రెండు మెట్లు, మెట్టుకి 13 మెగాహెర్ట్జ్. 1060 మొత్తం కోటా 120 వాట్లే. ఆ కోటా నిండిపోయిన కార్డుకి వోల్టేజ్ ఇంకా ఎక్కిస్తే, అది క్లాక్ తగ్గించుకుని సర్దుకుంటుంది. అందుకే ముందు పవర్ లిమిట్ స్లైడర్ పెంచి చూడండి. అదీ చాలకపోతే వోల్టేజ్ తగ్గించండి. అవును, తగ్గించడమే.

ఆఫ్టర్‌బర్నర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కితే వోల్టేజ్, క్లాక్ కర్వ్ (ఏ వోల్టేజ్‌కి ఎంత క్లాక్ అని చూపే గీత) వస్తుంది. ముందు కోర్ క్లాక్ స్లైడర్‌ని మైనస్ 200కి దించి అప్లై చేయండి, కర్వ్ మొత్తం కిందికి దిగుతుంది. ఆ తర్వాత 950 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కని పట్టుకుని 1850 మెగాహెర్ట్జ్‌కి లాగి మళ్లీ అప్లై కొట్టండి. దానికి కుడివైపున్న చుక్కలన్నీ అదే ఎత్తుకి వచ్చి గీత తిన్నగా అయిపోతుంది. ఇక కార్డు 950 దాటి వెళ్లదు. లెక్క వేస్తే, అదే క్లాక్‌లో 1.062తో పోలిస్తే కోర్ పవర్ ఐదో వంతు తగ్గుతుంది. ప్రతి చిప్ ఒకేలా ఉండదు కాబట్టి క్రాష్ అయితే 12 మిల్లీవోల్టులు పైకి జరిగి మళ్లీ ప్రయత్నించండి. ఒక జాగ్రత్త: ఇదంతా కార్డు వేడిగా ఉన్నప్పుడే చేయండి. చల్లగా ఉన్నప్పుడు పెట్టిన చుక్క, వేడెక్కాక ఒక మెట్టు కిందికి జారుతుంది.

బరువైన గేమ్ బాగానే నడుస్తోంది, మెనూలో క్రాష్ అవుతోంది

ఇది వింతగా అనిపిస్తుంది కానీ కారణం సూటిగానే ఉంది. బరువైన సీన్‌లో పవర్ లిమిట్ కార్డుని కిందే పట్టి ఉంచుతుంది. మెనూలోనో, లోడింగ్ స్క్రీన్‌లోనో బరువు తగ్గగానే క్లాక్ కర్వ్ చివరి చుక్కల దాకా ఎగురుతుంది. మీరు టెస్ట్ చేయని చుక్కలవి. కర్వ్ పైభాగాన్ని పైన చెప్పినట్టు తిన్నగా చేస్తే ఈ బాధ పోతుంది.

ఆటలో ఉండగా స్క్రీన్ ఆగిపోయి, నల్లబడి, డెస్క్‌టాప్ వచ్చేస్తోంది

కార్డు 2 సెకన్లలో బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే 4101 నంబర్‌తో రాసి ఉంటుంది. ఓవర్‌క్లాక్ చేసిన కార్డులో ఇది కనిపిస్తే, ఉన్న వోల్టేజ్‌కి క్లాక్ ఎక్కువైందని ముందు అనుమానించండి. కోర్‌ని 13 చొప్పున తగ్గిస్తూ రండి.

వేడిని కూడా మరిచిపోకండి. వేడెక్కిన చిప్‌కి అదే క్లాక్‌లో నిలబడటానికి ఇంకాస్త వోల్టేజ్ కావాలి. నవంబరులో రాత్రంతా నిలబడ్డ నా సెట్టింగు, మే నెల మధ్యాహ్నం కార్డు 80 డిగ్రీలు దాటాక పది నిమిషాలకోసారి పడిపోయింది. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ముందు ఫ్యాన్ జాలీలో దూది పరుపులా పేరుకున్న దుమ్ము దులిపాక 7 డిగ్రీలు తగ్గింది. సెట్టింగు ఏమీ మార్చలేదు, క్రాష్‌లు ఆగిపోయాయి. మన ఎండల్లో వాడే కార్డుని మన ఎండల్లోనే టెస్ట్ చేయాలి.

స్క్రీన్ మీద రంగు చుక్కలు, గళ్లు

ఎక్కువసార్లు మెమరీ క్లాక్ పనే. ఆఫ్టర్‌బర్నర్‌లోని కోర్ వోల్టేజ్ స్లైడర్‌కి మెమరీతో సంబంధం లేదు. మెమరీని 50 చొప్పున తగ్గించండి.

పీసీ మొత్తం టక్కున ఆగిపోతోంది

ఎర్రర్ లేదు, బ్లూ స్క్రీన్ లేదు, కరెంటు పోయినట్టే ఆగిందంటే పవర్ సప్లై వైపు చూడండి. పవర్ లిమిట్ 80 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. ఆగకపోతే అనుమానం నిజమే అనుకోవచ్చు. అది తేలేదాకా వోల్టేజ్ పెంచకండి.

విండోస్ తెరుచుకోగానే హ్యాంగ్

టెస్ట్ చేయని సెట్టింగుకి స్టార్టప్‌లో అప్లై టిక్ పెట్టినప్పుడు ఇలా అవుతుంది. సేఫ్ మోడ్‌లో ఎన్విడియా డ్రైవర్ లోడ్ కాదు కాబట్టి ఓవర్‌క్లాక్ కూడా పడదు. అక్కడికి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, పాత ప్రొఫైల్స్ ఉంచొద్దని చెప్పి, మామూలుగా రీస్టార్ట్ చేయండి. మళ్లీ వేసుకున్నాక, కనీసం వారం రోజులు మీరు రోజూ ఆడే గేములన్నీ ఆడి చూసేదాకా ఆ టిక్ పెట్టకండి.