కరెంటు పెట్టించుకునే రోజుల్లో చర్మం జాగ్రత్త

మా అప్పకి, అంటే మా అక్కకి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ రాశారు, మన వైపు కరెంటు పెట్టడం అంటారే, అది. విజయనగరం నుంచి విశాఖకి రోజూ బస్సులో తీసుకెళ్లింది నేనే, వారానికి 5 రోజుల చొప్పున 3 వారాలు. మొదటి పది రోజులు ఏమీ కాలేదు, ‘మనకి పడిందిలే’ అనుకున్నాం. అదే పొరపాటు. ఎరుపు, దురద, మంట సాధారణంగా రెండు మూడు వారాలకి మొదలవుతాయి, సిట్టింగులు అయిపోయాక కూడా వారం పది రోజులు ఎక్కువై, ఆ తర్వాతే మెల్లగా తగ్గుతాయి.

కిరణాల వల్ల అయ్యేదాన్ని పూర్తిగా ఆపలేం. దానికి రాపిడి, చెమట, వేడి మనం తోడు చేయకుండా ఉండాలి, అంతే.

స్నానం మానొద్దు. మా వీధిలో అందరూ నీళ్లే తగలకూడదన్నారు, అది తప్పు. గోరువెచ్చని నీళ్లు, ఘాటు వాసన లేని సబ్బు, ఉత్త చేత్తో. పీచు, సున్నిపిండి వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. కిరణాలు పెట్టే చోట పెన్నుతో గుర్తులు గీసి ఉంటే చెరిపేయొద్దు.

అసలు చూడాల్సింది రొమ్ము కింది మడత, చంక. అప్పకి పైకంతా బాగానే కనిపించేది, ఒకరోజు ఎత్తి చూస్తే మడత పొడుగునా ఎర్రటి చార, చెమ్మగా, దాని మీద బ్లౌజు కుట్టు అచ్చు దిగిపోయి ఉంది. ఆ రోజు నుంచి బిగుతు బ్లౌజులు, వైరున్న బ్రాలు బీరువాలోకి పోయాయి. ఇంట్లో వదులు నూలు నైటీ, మడతలో అమ్మ పాత పొందూరు ఖద్దరు చీర ముక్క, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది, తడిసినప్పుడల్లా మార్చేవాళ్లం. మెడ దగ్గర కూడా కిరణాలు పెడుతుంటే పసుపుతాడు ఒరుసుకుంటుంది, తీసేయాలి. అత్తగారు ససేమిరా అంటే మా బావే గట్టిగా చెప్పి దేవుడి గూట్లో పెట్టించాడు.

పసుపు, కొబ్బరినూనె, పౌడరు లాంటి ఇంటి వైద్యాలు వద్దు. డాక్టరు చెప్పిన క్రీమే పల్చగా రాయాలి, సిట్టింగుకి ముందు మందంగా పట్టించి వెళ్లకూడదు. మొమెటసోన్ అనే స్టెరాయిడ్ క్రీము మొదటి నుంచీ రాస్తే మంట తక్కువగా ఉంటుందని తేలింది, కానీ మందుల షాపులో మీరే కొనేయకండి, డాక్టరుని అడగండి. చంకలో బ్లేడు పెట్టొద్దు. మంటగా ఉందని ఐసు, నొప్పిగా ఉందని వేడినీళ్ల సంచీ, రెండూ వద్దు. బస్సులో ఎండ పడని వైపు కూర్చోండి, చర్మం మానాక కూడా ఆ చోటికి ఎండ తగలనివ్వకండి.

తోలు లేచి నీరు కారినా, చీము వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే చెప్పాలి, పగిలిన చోట క్రీము రాయడం ఆపాలి. కరెంటు ఆపేస్తారేమోనని అప్ప రెండు రోజులు నా దగ్గర కూడా దాచింది. తీరా చూపిస్తే నర్సమ్మ అంటుకోని డ్రెస్సింగు వేసి పంపింది, మర్నాడు సిట్టింగు మామూలుగానే అయింది.