సెర్చ్ ఇంజిన్ మార్చినా మళ్లీ మారిపోతుంటే: నా అనుభవం
అమలాపురంలో మా బావగారి కొబ్బరి కొట్టు ల్యాప్‌టాప్ ఇది. క్రోమ్ అడ్రస్ బార్‌లో కొబ్బరి ధర అని కొడితే ఎప్పుడూ వినని సెర్చ్ పేజీ, నిండా ప్రకటనలు. గూగుల్‌కి మార్చినా మర్నాటికి మళ్లీ అదే.

హిస్టరీ చెరిపాను, క్రోమ్ తీసేసి మళ్లీ వేశాను, దండగ. సింక్‌తో (గూగుల్ ఖాతాలో దాచుకున్న సెట్టింగ్స్‌ని తిరిగి తెచ్చేది) పాటు ఆ దరిద్రం కూడా తిరిగొచ్చింది మరి!

చివరికి సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ దగ్గర చూస్తే, ఈ సెట్టింగ్ ఒక ఎక్స్‌టెన్షన్ (క్రోమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) చేతిలో ఉందని సన్నగా రాసుంది. పీడీఎఫ్‌ల కోసమని మేనల్లుడు ఎప్పుడో వేశాడట. ముందు ఎక్స్‌టెన్షన్స్ పేజీలో దాన్ని రిమూవ్ చేశాను. తర్వాత గూగుల్‌ని డిఫాల్ట్ చేశాను. ఆ తర్వాతే సెర్చ్ ఇంజిన్ల జాబితాలో పాతదాని పక్కన మూడు చుక్కలు నొక్కి డిలీట్ కొట్టాను. డిఫాల్ట్‌గా ఉన్నంతసేపు డిలీట్ కాదు.

రెండు వారాలైంది, మారలేదు. మీ క్రోమ్‌ని మీ సంస్థ నిర్వహిస్తోందని (Managed by your organization) అందులో కనిపిస్తే మాత్రం ఇది చాలకపోవచ్చు.