తాగుడు తగ్గించుకుందాం – 3వ పాఠం: బీరు కూడా మందే

పోయినసారి ఇచ్చిన పని చాలా చిన్నదనుకున్నాను. వారం రోజులు ఏమీ మానొద్దు, తగ్గించొద్దు, తాగింది తాగినట్టు నోటుబుక్కులో రాయండి అన్నానంతే. మీరు పంపిన పేజీలు చూశాక అర్థమైంది, నేనే సరిగా చెప్పలేదని. సగం మంది "రోజూ రెండు పెగ్గులు" అని రాశారు. ఎవరు పోసిన పెగ్గు, ఏ గ్లాసులో? ఇంకొందరు రాయడానికే సిగ్గేసి ఏకంగా తాగడమే మానేశారు. అందుకని తగ్గించే పద్ధతి ఈసారికి పక్కనపెట్టి మళ్లీ లెక్క దగ్గరికే వస్తున్నా.

ముందు ఏకంగా మానేసినవాళ్ల సంగతి. ఒక తమ్ముడు రెండో రోజు రాశాడు, "అన్నా, టీ గ్లాసు నోటి దాకా రావట్లేదు, చొక్కా మీద ఒలికిపోతోంది" అని. అది పిరికితనం కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి మందు అందకపోతే ఆరేడు గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత కొందరికి లేనివి కనబడతాయి, ఎక్కడున్నారో తెలియదు, ప్రాణం మీదికి వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్స్ మూతపడగానే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం వరుస కట్టింది ఇందుకే. కాబట్టి పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లు, ఆ వణుకు ఆగడానికి ఒక నైంటీ వేసేవాళ్లు, ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లు నా పాఠం ఇక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వణుకు తగ్గడానికి మందులిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు, ఇంట్లో తలుపేసుకుని పడే యాతన ఉండదు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది, నంబరు 14416, ఫోన్‌కు డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ తమ్ముణ్ని వాళ్ల బావ ఆ రాత్రే ఆటోలో తీసుకెళ్లాడు, కోలుకుంటున్నాడు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయం. "మందు మానేశానన్నా, ఇప్పుడు బీరే."

బీరేమన్నా మజ్జిగా? సీసా తిప్పి లేబుల్ చూడండి. మన దగ్గర విస్కీ, బ్రాందీ, రమ్ము మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో అసలు ఆల్కహాల్ 77. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా 650, దాని మీద 8 శాతం దాకా అని ఉంటుంది, ఆ 8 వేసుకుంటే 52. నీళ్లు ఎక్కువ, అంతే తేడా. 52 రావాలంటే విస్కీ 120 తాగాలి, అంటే రెండు లార్జ్‌లు ఒక్క సీసాలో. ఒకాయన రోజూ క్వార్టర్ తాగేవాడు, నా పాఠం చదివి దాన్ని వదిలేసి మూడు స్ట్రాంగ్ బీర్లకు "దిగాడు". మూడు యాభైరెండ్లు 156. రెండు క్వార్టర్లు 154. దిగలేదు స్వామీ, రెట్టింపు ఎక్కావు! వాళ్లావిడ సంబరపడి ఆదివారం చేపల పులుసు కూడా పెట్టిందట, ఆమెకు ఈ లెక్క ఎవరు చెప్పాలో మరి. లైట్ బీరు 5 శాతమైతే 32 పైచిలుకు, అది కూడా లార్జ్ కంటే ఎక్కువే. ఎండాకాలమని, చల్లగా ఉందని, బిర్యానీ మీద తాగామని లెక్క మారదు. కల్లుకి లేబులే ఉండదు, పొద్దున దించింది సాయంత్రానికి ఇంకా పులుస్తుంది, పైగా కొన్నిచోట్ల మత్తుమందులు కలుపుతారు. అలాంటిది రోజూ తాగేవాళ్లు కూడా ఉన్నపళంగా ఆపకండి, డాక్టర్ దగ్గరికే.

ఇక పెగ్గు. నేను తాగే రోజుల్లో రెండే పెగ్గులని మా ఇంట్లో ఒట్టేసి చెప్పేవాణ్ని, అబద్ధమని నాకే తెలియదు. ఒకరోజు నా స్టీల్ గ్లాసులో రోజూ పోసుకునే ఎత్తు దాకా నీళ్లు పోసి, మా పాప జ్వరం మందు సీసాతో వచ్చిన 10 మిల్లీలీటర్ల మూతతో తోడాను. ఎనిమిది మూతలయ్యాక ఇంకా అడుగున మిగిలింది. రెండు పెగ్గులంటే క్వార్టరే!

ఈ వారం పని: ఇంట్లో మీరు తాగే గ్లాసును ఇలాగే నీళ్లతో కొలిచి, 60 దగ్గర బయటివైపు నెయిల్ పాలిష్‌తో గీత పెట్టండి. నోటుబుక్కులో పెగ్గు అనే మాట వద్దు, మిల్లీలీటర్లు, పక్కన శాతం. ఆదివారం ఫోన్‌పే హిస్టరీలో వైన్స్‌కి కట్టినవన్నీ తీసి బుక్కుతో సరిచూడండి, ఈమధ్య నోట్లిచ్చి కొంటున్నవాళ్లు ఎందుకిస్తున్నారో వాళ్లకే తెలుసు. సిట్టింగ్‌లో పక్కవాడు పోస్తే లెక్క ఉండదు, మీదే మీరు పోసుకోండి. నేనైతే ఏడింటికే పెరుగన్నం తినేసేవాణ్ని, కడుపు నిండాక సీసా మీదికి మనసు అంతగా పోదు, మీకు కుదిరితే చూడండి.

అయ్యప్ప మాలలో ఉన్న 41 రోజులూ రాయాలా అని ఇద్దరు అడిగారు. రాయండి, సున్నా అని. మాల తీసిన రోజు పేజీ మాత్రం నాకు ముందు పంపండి.