పాత డీజిల్ పికప్ ఇంజన్: దించకముందే జబ్బు కనిపెట్టడం, కట్టాక నిలబెట్టడం

ఇక్కడ చెప్పేది కామన్ రైల్ (కంప్యూటర్‌తో డీజిల్ చిమ్మే పద్ధతి) రాకముందు వచ్చిన బొలెరో పికప్ డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజన్ గురించి. నాలుగు సిలిండర్లు, 2523 సీసీ, బోరు (సిలిండర్ వెడల్పు) 88.9 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 101.6 మి.మీ. డీజిల్ పంపు, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్లు అన్నీ మెకానికల్. మిర్చి టిక్కీలు మోసి అలిసిన బండి పొగ వదలగానే షెడ్డులో మొదట వినపడే మాట "ఇంజన్ దించేద్దాం". పొగ ఎప్పుడు, ఏ రంగులో వస్తోందో చూడకుండా స్పానర్ పట్టుకోవద్దు. ఓనర్ డబ్బులు వృథా అయ్యేది అక్కడే.

లోడు మీద నల్లపొగ, పికప్ లేదు

గాలి తక్కువైంది, లేదా డీజిల్ ఎక్కువైంది. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోసేది) ఉంటే దాని గొట్టాలు. గొట్టం అడుగున పగులు పైకి కనపడదు, చేత్తో తడిమి చూడాలి. అవి బాగుంటే నాజిళ్లు తీసి టెస్టర్ మీద పెట్టించండి. స్ప్రే సన్నటి మంచులా రావాలి, చివర చుక్క వేలాడకూడదు. ఆ స్ప్రేకి చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దూసుకుపోతుంది. బిగించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవే వేయాలి. పాత వాషర్ హెడ్‌లో (సిలిండర్ల పై మూతలో) అతుక్కునే ఉండి, దానిమీద కొత్తది పడితే నాజిల్ ఎత్తులో కూర్చుంటుంది. స్ప్రే పిస్టన్ గిన్నెలో పడాల్సిన చోట పడదు. బిగించే ముందు టార్చి వేసి హెడ్‌లోకి చూడండి.

పొద్దున స్టార్ట్ కాదు, తెల్లపొగ

కళ్లు మండితే అది కాలని డీజిల్. లైనులో ఎయిర్ పట్టిందా, పంపు టైమింగ్ కదిలిందా, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) పడిందా అన్న వరుసలో చూడండి. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందనో, హెడ్ పగిలిందనో అనుమానించాలి. హెడ్ విప్పాక స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వంపు చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేయొద్దు.

ఆయిల్ తింటోంది, నీలిపొగ

రాత్రంతా నిలబెట్టిన బండి స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వదిలి ఆగిపోతే వాల్వు సీళ్లు, గైడ్లు. టర్బో నుంచి ఇన్‌టేక్‌కు వెళ్లే గొట్టంలో ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బో సీలు. బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరిని వదిలే గొట్టం) ఆవిరి వల్ల పలచటి తడి ఉండటం మామూలే. లోడు మీద పొగ ఆగకుండా, బ్రీదర్ గొట్టం రైలింజన్‌లా ఊదుతుంటే అప్పుడు రింగులు, బోరు.

కంప్రెషన్ గేజ్ పెట్టండి. సిలిండర్ల మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే ఇంజన్ విప్పాల్సిందే. సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ చూసే పెట్రోల్ ఇంజన్ పద్ధతి ఇక్కడ నమ్మకం కాదు. డీజిల్‌లో పిస్టన్ పైన జాగా చాలా తక్కువ, పోసిన ఆయిలే రీడింగ్ పెంచేస్తుంది.

విప్పాక బోరును పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. అరుగుదల ఎక్కువగా పై రింగు ఆగే చోటే ఉంటుంది. ఓవర్‌సైజ్ పిస్టన్లు ముందే కొని లేత్ షాపుకిచ్చి, వాటి కొలతకు బోరు కొట్టించండి. పిస్టన్ చేతిలో లేకుండా కొట్టిన బోరు అదృష్టం మీద ఆధారపడ్డట్టే.

హోనింగ్ (బోరు గోడల్ని రాళ్లతో రుద్ది సన్నటి గీతలు వేయడం) అయ్యాక చేసే పని చిన్నదే, కానీ ఇంజన్ ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు తేల్చేది అదే. బ్లాకును డీజిల్‌తో తుడిచి వదిలేస్తారు. దాంతో రాతిపొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను తినేస్తుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో రుద్ది కడిగి, ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్ రాసి తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు కనిపిస్తే మళ్లీ కడగాలి. తెల్లగానే వచ్చేదాకా కట్టొద్దు.

వేడి మీద ఆయిల్ ప్రెషర్ పడుతోంది, కింద చప్పుడు

మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) గ్రైండింగ్ చేయించినప్పుడు జర్నల్ (బేరింగు కూర్చునే నున్నటి భాగం) పక్కన ఉండే గుండ్రటి మూల అలాగే ఉందో లేదో వేలితో తడిమి చూడండి. అది పదునుగా తేలితే ఆ క్రాంక్ తీసుకోవద్దు, విరిగేది ఆ మూల దగ్గరే.

కట్టాక పంపులో డీజిల్ పెంచాం, ఘాట్ ఎక్కితే హీటవుతోంది

గాలి పెంచకుండా డీజిల్ పెంచితే శక్తి కొంచెం, వేడి బోలెడు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పిస్టన్ దానితో చేసిందే. పంపు స్క్రూ షెడ్డులో చెవితో తిప్పేది కాదు. బెంచి మీద కాలిబ్రేషన్ చేయించాలి. అప్‌గ్రేడ్ అంటే నా లెక్కలో ముందు కొత్త రేడియేటర్ కోర్, ఎగ్జాస్ట్ వేడి చూపే గేజ్. టర్బో లేని ఇంజన్‌కు టర్బో వేస్తే ఆయిల్ లైను, రిటర్న్ లైను, పిస్టన్లు, కూలింగ్ అన్నీ దానికి తగ్గట్టు ఉండాలి. పైగా 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి.

మొదటి స్టార్ట్

డీజిల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్ కొట్టండి, మధ్యమధ్యలో స్టార్టర్‌కు విశ్రాంతి ఇస్తూ. గంటల తరబడి ఐడిలింగ్‌లో ఉంచితే రింగులు కూర్చోవు, బోరు గాజులా నున్నబడుతుంది. లీకులు చూసుకుని, మితమైన లోడుతో రోడ్డు మీదికి తీయండి. మొదటి ఆయిల్ త్వరగా మార్చి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి కొద్దిగా ఉంటే రింగులు సర్దుకుంటున్నాయి. రాగి రంగు మెరుపు కనిపిస్తే బండి అక్కడే ఆపి, అడుగు చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) దించి బేరింగులు చూడాలి.