పీఎంఈజీపీకి అప్లై చేస్తున్నారా? ప్రాజెక్ట్ రిపోర్ట్ టెంప్లేట్‌తో జాగ్రత్త

హైదరాబాద్ ఉప్పల్‌లో మా చిన్నమ్మ కారం, పసుపు పట్టి ప్యాకెట్లు కట్టి అమ్ముతా అంటే పీఎంఈజీపీకి (చిన్న యూనిట్ పెట్టుకునేటోళ్లకి సబ్సిడీతో బ్యాంకు లోన్ ఇప్పించే కేంద్ర పథకం) ఆన్‌లైన్‌లో అప్లై చేసింది నేనే, కాబట్టి ఎక్కడ దెబ్బ తిన్నామో కూడా నేనే చెప్పాలి.

ముందు ఎవరికి వస్తదో చూస్కోండి. 18 ఏళ్లు దాటాలి, ఆదాయ పరిమితి లేదు, కొత్తగా పెట్టే యూనిట్‌కే ఇస్తరు, భార్యాభర్తల్లో ఒక్కరికే. 2022లో మార్చిన రూల్స్ ప్రకారం తయారీ అయితే ప్రాజెక్ట్ 50 లక్షల దాకా, సర్వీస్ అయితే 20 లక్షల దాకా పెట్టొచ్చు. తయారీలో 10 లక్షలు, సర్వీస్‌లో 5 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి. మేం సరుకు కొని, పట్టి, ప్యాక్ చేసి అమ్ముతాం కాబట్టి తయారీ కింద పెట్టాం.

ఇక అసలు తలనొప్పి ప్రాజెక్ట్ రిపోర్ట్, అంటే యూనిట్ ఖర్చులు, అమ్మకాలు, మిగులు లెక్కేసి బ్యాంకుకి చూపించే కాగితాలు. కేవీఐసీ (ఈ స్కీమ్ నడిపే ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్) పోర్టల్‌లోనే రకరకాల యూనిట్లకి నమూనా రిపోర్టులు ఉన్నయ్, ఫ్రీ, అవి వదిలేసి నేను ఎవరో వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ తీసుకొని పేరు, అడ్రస్ మార్చి ప్రింట్ కొట్టించా. బ్యాంకులో సార్ నాలుగో పేజీ తిప్పి పెన్నుతో గుండ్రంగా చుట్టాడు, చూస్తే కరెంట్ ఖర్చు పక్కన కోయంబత్తూరు అని ఉంది! నాకు నోట మాట రాలే.

ఇంటికొచ్చి చిన్నమ్మకి లెక్కలు చదివి వినిపిస్తే ఆమె ఇంకోటి పట్టింది. అందులో 100 కిలోల మిరపకాయలకి 100 కిలోల కారం అని రాసుంది. "కిలోకి కిలో ఎట్ల వస్తదిరా? తొడిమలు తీసి ఎండబెట్టినంకనే తూకం తగ్గుతది, గిర్నీకి అంటుకునేది వేరే" అంది. పైగా ఏడాదంతా ఒకే అమ్మకం అని వేశారు, మన దగ్గర కారం పట్టించేది ఎండాకాలంలో కదా, వానలు పడ్డాక గిరాకీ ఎంతుంటదో ఆమెకి తెలుసు, ఎక్సెల్‌కి తెల్వదు. అందుకే టెంప్లేట్‌లో హెడ్డింగులు, ఫార్ములాలు ఉంచుకొని అంకెలన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాం. మెషిన్ రేటుకి రాణిగంజ్‌లో తిరిగి జీఎస్టీతో కొటేషన్ రాయించుకున్నాం, మిరపకాయలకి బేగంబజార్ రేటు వేశాం.

మా లెక్క ఇట్ల వచ్చింది: మెషిన్లు 4 లక్షలు, వైరింగ్ వగైరా 50 వేలు, వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనడానికి, రోజువారీ ఖర్చులకి తిప్పే డబ్బు) లక్షన్నర, మొత్తం 6 లక్షలు. స్థలం కొనే ఖర్చు ఇందులో కలపకూడదు, షెడ్డు అద్దె అయితే మూడేళ్ల వరకు కలపొచ్చు. మహిళ కాబట్టి సొంత వాటా 5 శాతం అంటే 30 వేలు, సిటీ కాబట్టి సబ్సిడీ 25 శాతం అంటే లక్షన్నర (జనరల్ కేటగిరీ మగవాళ్లకి సిటీలో 15 శాతమే, సొంత వాటా 10 శాతం). ఆ లక్షన్నర చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌లా ఉండి, యూనిట్ నడుస్తుంటే లోన్‌లో సర్దుతరు. చాలామంది ఇక్కడే పొరబడతరు.

బ్యాంకోళ్లు ముందు చూసేది డీఎస్‌సీఆర్ అనే లైను. ఏడాదిలో మిగిలే డబ్బు కిస్తీ, వడ్డీకి ఎన్ని రెట్లు ఉందనేదే అది, 1 కన్నా తగ్గితే కట్టలేరని అర్థం, 1.5 దగ్గర్లో ఉంటే నిమ్మళం. అట్లని అమ్మకాలు పెంచి చూపించకండి, "ఎవరికి అమ్ముతవ్?" అని అడిగితే దొరికిపోతరు.

అప్లికేషన్ తేలికే. పోర్టల్‌లో కొత్త వ్యక్తిగత దరఖాస్తు తెరిచి పేరు అచ్చం ఆధార్‌లో ఉన్నట్టే కొట్టండి, ఏజెన్సీ (మాది జిల్లా పరిశ్రమల కేంద్రం), బ్యాంక్ బ్రాంచ్ ఎంచుకోండి, ఫోటో, చదువు సర్టిఫికెట్, అవసరమైతే కుల ధ్రువీకరణ, రిపోర్ట్ అప్‌లోడ్ చేసి, స్కోర్ కార్డ్ ప్రశ్నలు నింపి ఫైనల్ సబ్మిట్ కొట్టండి. ఏజెన్సీ చూసి బ్యాంకుకి పంపుతది. లోన్ ఓకే అయ్యాక ఈడీపీ ట్రైనింగ్ (వ్యాపారం ఎట్ల నడపాలో నేర్పేది), ఆ తర్వాతే సబ్సిడీ క్లెయిమ్.

దరఖాస్తుకి ఫీజు లేదు, మధ్యలో ఎవరన్నా శాంక్షన్ చేయిస్తా పైసలియ్యి అంటే ఇయ్యకండి. బ్యాంకుకి మాత్రం దరఖాస్తుదారే పోవాలి, రెండోసారి చిన్నమ్మే కూర్చొని తూకం తరుగు లెక్క నోటితో చెప్పింది, సార్ ఇంక పేజీలు తిప్పలే.