దూకే ముందు కాస్త ఆగండి తమ్ముళ్లూ

రీల్స్ చూసి బేస్ జంప్ (బిల్డింగు, బ్రిడ్జి, కొండ లాంటి వాటి మీంచి పారాచూట్‌తో దూకడం) అంటున్న మన కోనసీమ కుర్రాళ్లకి:

- డైరెక్టుగా బేస్‌కి పోవద్దు. ముందు విమానం నుంచి స్కైడైవింగ్, అమెరికా స్కైడైవింగ్ సంఘం యూఎస్‌పీఏ రూల్స్‌లో మొదటిదైన ‘ఏ’ (A) లైసెన్స్‌కే కనీసం 25 జంపులు, వింగ్‌సూట్‌కి (రెక్కల్లాంటి డ్రెస్సు) 200, బేస్ నేర్పేవాళ్లూ ఇంచుమించు అంతే అనుభవం అడుగుతారు ఎందుకంటే బేస్‌లో రిజర్వ్ పారాచూట్ (అత్యవసరానికి ఉండే రెండోది) ఉండదు, ఉన్నా తెరుచుకునేంత ఎత్తు ఉండదు.
- చించినాడ బ్రిడ్జి మీద కన్నేసినోళ్లు ఆ ఆలోచన మానేయండి. తడిసిన పారాచూట్ తాళ్లు కాళ్లకి చుట్టుకుంటే గోదాట్లో ఎంత ఈతగాడైనా ఏం చేయలేడు. పోనీ గట్టు మీద దిగుదామంటే కొబ్బరిచెట్లు, కరెంటు వైర్లు, రొయ్యల చెరువులేగా!
- స్కైడైవింగ్‌లో మెయిన్ పారాచూట్ ప్యాకింగ్ నేర్చుకోండి, రిజర్వ్ మాత్రం సర్టిఫైడ్ రిగ్గరే (పారాచూట్లు సర్ది, బాగుచేసే నిపుణుడు) కట్టాలి.
- గాలి తేడాగా ఉంటే ఆరోజుకి మానేయండి, ఖర్చులు పోతే పోయాయి.
- ఇంట్లో చెప్పండ్రా బాబూ.