గీత అంచున తప్పటడుగు పడకుండా ఉండాలంటే

ఎర్ర లైటు పడిన అర సెకనుకు గీత దాటినా, అయిదు సెకన్లకు దాటినా చలానా ఒకటే కావడంతో, కూడలి దగ్గర డ్రైవరు చూపు రోడ్డును వదిలి సిగ్నల్‌కు అతుక్కుంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది; కాలు బ్రేకు మీదికి చేరే సమయంతో కలిపి, పొడి రోడ్డు మీద కారు ఆగడానికి సుమారు 30 మీటర్లు కావాలి. కాబట్టి గీతకు అంత దూరంలో ఒక స్తంభాన్నో దుకాణాన్నో ముందే గుర్తు పెట్టుకుని, దానికి ఇవతల ఉండగా పసుపు లైటు పడితే ఆగండి, దాటాక పడితే వేగం పెంచకుండా సాగిపొండి. వానలో ఆ గుర్తును ఇంకా వెనక్కి జరపాలి. వెనక లారీ ఉందేమో అద్దంలో చూసుకోండి. చలానా భయంతో మీరు వేసిన బ్రేకుకు అది ఆగదు.

శాసనసభ్యుల ఓటును అంచనా వేసేటప్పుడూ ఇలాంటి గీతనే వెతకాలి. 1985లో పార్టీ ఫిరాయింపులను అడ్డుకోవడానికి రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించిన ఒక్క ఓటుకు సభ్యత్వమే పోవచ్చు. సభలోని ఆ పార్టీ సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది కలిసి వేరే పార్టీలో విలీనమైతే మాత్రం అనర్హత ఉండదు. అసమ్మతి చెప్పడం కన్నా తలలు లెక్కపెట్టుకోవడమే లాభమన్నమాట! తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెసు సభ్యులు 18 మందిలో సరిగ్గా 12 మంది అప్పటి తెరాసలో విలీనమయ్యారు. అందువల్ల మీ ఎమ్మెల్యే మనసు తెలుసుకోవడానికి ఓటును కాక, సభలో ఆయన అడిగిన ప్రశ్నలను చూడండి.